ముప్పై మీటర్లు

ఫిబ్రవరి 4

ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ ముద్ర ఉన్న అసలు సిసలు ఉత్తరం. వాగుల పరిరక్షణకు కొత్త విధానం తయారు చేస్తారట. దానికో కమిటీ వేశారట. అందులో పర్యావరణ బృందాలకు ఒక స్థానం ఇచ్చారట. ఒకే ఒక్కటి. ఊళ్లో ఉన్న బృందం మాదొక్కటే కాబట్టి అది మాకే.

సాయంత్రం అందరం ఇస్త్రీ అక్క ఇంట్లో కూర్చున్నాం. మడతపెట్టిన చొక్కాల దొంతరలు మంచం మీదికి జరిపి అక్క చోటు చేసింది. వెనక గుమ్మం తీస్తే పది అడుగుల్లో వాగు. ఈ రోజు నురగ పెద్దగా లేదు గానీ వాసన మామూలే. అవతలి గట్టు మీద గోదాములు కడిగిన నీళ్లు వాగులోకి వదలడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఇస్త్రీ చేసిన బట్టలకి కంపు పడుతోందని ఖాతాదారులు గొడవ చేస్తే అక్కే వెళ్లి రిటైరైన సైన్సు మాస్టారి తలుపు తట్టింది. అలా పుట్టింది మా వాగు బృందం. మొత్తం తొమ్మిది మందిమి.

మాస్టారు ఉత్తరం రెండుసార్లు చదివారు. ఆయన ఏది చదివినా క్లాసులో డిక్టేషన్ చెప్తున్నట్టే ఉంటుంది. కమిటీకి మీరే వెళ్లండని అందరం అన్నాం.

"నాకు కోపం ఆగదమ్మా. మొదటి మీటింగులోనే గెంటేస్తారు," అన్నారు.

"పోనీ అక్క?"

అక్క పకపకా నవ్వింది. "సంతకం తప్ప రాదు నాకు. వాళ్లిచ్చే కాగితం ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా తెలీదు. ఈ పిల్లని పంపండి. ప్రెస్సులో కూర్చుని పొద్దస్తమానం ప్రూఫులు దిద్దడమేగా దీని పని. కామా పోయినా పట్టేస్తుంది."

నలభై ఏడేళ్ల దాన్ని పట్టుకుని పిల్ల అనేది అక్క ఒక్కతే.

సరేనన్నాను. సంతోషంగా ఉంది. నాలుగేళ్లుగా వినతిపత్రాలు పట్టుకుని గేటు బయట నిలబడ్డాం. ఇప్పుడు వాళ్లే పిలిచి కుర్చీ వేస్తున్నారు.

ఫిబ్రవరి 5

మా ఆయనకి చెప్పాను. "జీతం ఉంటుందా?" అన్నాడు. లేదన్నాను. "భోజనం?" ఏమో అన్నాను. "అయితే గౌరవమే అన్నమాట," అని టోపీ పెట్టుకుని బస్సు డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 19

నాలుగో అంతస్తు. లిఫ్టు పనిచేయలేదు. పొడుగాటి బల్ల, పద్నాలుగు కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ ఒక చెక్క పలక. వాళ్ల పలకల మీద హోదాలున్నాయి. నా పలక మీద 'పౌర సమాజం' అని మాత్రమే ఉంది. అంతమంది జనం తరఫున నేనొక్కదాన్నే ముడుచుకుని కూర్చున్నాను.

కమిటీ నడిపేది జాయింట్ డైరెక్టరు మేడమ్. నా వయసే ఉంటుంది. మెత్తటి గొంతు. అందరినీ పరిచయం చేసి నా దగ్గరికి వచ్చేసరికి, "వీళ్లు లేకపోతే ఈ విధానానికి అర్థమే లేదు," అన్నారు. నా ఎదురుగా గోదాముల సంఘం ప్రతినిధి. తెల్ల జుట్టు, మంచి నవ్వు. పిప్పరమెంటు బిళ్లల డబ్బా నా వైపు తోశాడు. ఒకటి తీసుకున్నాను. తీసుకోకపోతే బాగుండదనిపించింది.

ఇంటికొస్తే మా ఆయన, "పౌర సమాజం గారూ, గ్యాసు అయిపోయింది," అన్నాడు.

మార్చి 12

మాస్టారి నోటుపుస్తకాలు పట్టుకెళ్లాను. ఏ రోజు నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, నురగ ఎన్ని అంగుళాలు లేచిందో, చేపలు తేలిన రోజులేవో, అన్నీ ఉన్నాయి వాటిలో. ఎవరూ నవ్వలేదు. మేడమ్ ఒక పుస్తకం తెరిచి చాలాసేపు చూశారు. "మా శాఖ దగ్గర కూడా ఇంత సమాచారం లేదండీ," అన్నారు.

మాస్టారికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. గొంతు సవరించుకుని, "అలాగా," అన్నారు.

మార్చి 27

మీటింగు తర్వాత మేడమ్ తన గదిలోకి పిలిచి టీ ఇప్పించారు. వాళ్లమ్మాయి చదువు గురించి, నా మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. వెళ్లేటప్పుడు, "బయట నిలబడి అరిచేవాళ్లు చాలామంది ఉంటారు. లోపల కూర్చుని ఒప్పించేవాళ్లే తక్కువ," అన్నారు.

నిజమే కదా.

ఏప్రిల్ 16

గెలిచాం!

ఆ వాక్యం పూర్తిగా నాదే. 'వాగు అంచు నుంచి ముప్పై మీటర్ల లోపల కొత్త కట్టడాలు ఉండరాదు.' గోదాముల ఆయన పది మీటర్లు చాలన్నాడు, పదిహేను అన్నాడు, చివరికి వాచీ చూసుకున్నాడు. నేను కదల్లేదు. మేడమ్ నా వైపే మొగ్గారు. ముప్పై అని రాయించారు.

బస్సు దిగి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. "ముప్పై మీటర్లంటే ఎంత?" అంది అక్క. ఇద్దరం గట్టు అంచు నుంచి అడుగులేసుకుంటూ కొలిచాం. అక్క ఇల్లు దాటింది, సందు దాటింది, పంపు దాకా వచ్చింది.

అక్క వెనక్కి తిరిగి చూసింది. "అంటే మా ఇళ్లన్నీ లోపలే ఉన్నాయిగా?"

"కొత్తవి కట్టకూడదనే అక్కా. ఉన్నవాటి జోలికి రారు."

"కొత్త అని రాశారా?"

"నేనే రాశాను."

"అయితే సరే," అని నా బుగ్గ గిల్లింది. బొగ్గు మరక అయింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను.

మే 21

చివరి మీటింగు అయిపోయింది. ముప్పై మీటర్లు నిలిచాయి. సంతకాలయ్యాయి. ఒక చోట ఒక మాట జారినట్టుంది. న్యాయ విభాగం వాళ్లు చూసుకుంటారని మేడమ్ అన్నారు. గ్రూపు ఫొటో తీశారు. ఎండ మండిపోతోంది.

మే 22

నిద్ర సరిగ్గా లేదు. ఉక్క వల్ల.

జూన్ 3

ముసాయిదా బయట పెట్టారు. ఎవరైనా ముప్పై రోజుల్లోగా అభ్యంతరాలు రాసి పంపొచ్చు. మధ్యాహ్నం మాస్టారు ఆ ముసాయిదా పట్టుకుని ప్రెస్సుకి వచ్చారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, కాగితం ముక్కుకి ఆనించుకుంటే గానీ అక్షరాలు ఆనడం లేదు. ఆపరేషన్ సెప్టెంబరులో.

"నువ్వు పూర్తిగా చూశావుగా?" అన్నారు.

"చూశాను మాస్టారూ."

"ఏదో ఒక అభ్యంతరం మన తరఫున పెట్టాలమ్మా. కడిగిన నీళ్ల గురించి ఇందులో గట్టిగా ఏమీ లేదట. మనం ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క."

"లోపల కూర్చుని సంతకం పెట్టి, బయటికొచ్చి అభ్యంతరం పెడితే ఏం బాగుంటుంది మాస్టారూ? మళ్లీ మనల్ని పిలుస్తారా? నేను లోపల్నుంచి చూసుకుంటున్నానుగా."

ఆయన కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "సరే. నీ మాటే మన మాట," అన్నారు.

మెట్ల దాకా చెయ్యి పట్టుకుని దింపాను.

జూన్ 5

మేడమ్‌కి ఆ మాట సంగతి గుర్తుచేస్తూ ఉత్తరం రాశాను. రేపు పంపాలి.

జూన్ 11

ఇంకా పంపలేదు. పాఠ్యపుస్తకాల పని మీద పడింది.

జూన్ 20

పాఠ్యపుస్తకాల పని.

జూన్ 27

మేడమ్‌కి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారన్నారు. మళ్లీ చేయమన్నారు. ఎప్పుడని నేను అడగలేదు.

జూలై 4

గడువు నిన్నటితో అయిపోయింది. మొత్తం పదకొండు అభ్యంతరాలు వచ్చాయట. అన్నీ గోదాముల వాళ్లవే.

ఒక్క మాట కోసం అంత పెద్ద శాఖవాళ్లు జనం ఇళ్ల మీద పడతారా? పడరు. అది అందరికీ తెలిసిన విషయమే.

ఆగస్టు 9

విధానం అమల్లోకి వచ్చింది. పేపర్లో వార్త వేశారు. 'అన్ని వర్గాల భాగస్వామ్యంతో' అని. పక్కన మా గ్రూపు ఫొటో. నేను కళ్లు మూసుకుని ఉన్నాను.

మా ఆయన ఆ పేపరు కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడు.

సెప్టెంబర్ 2

అక్క ప్రెస్సుకి వచ్చింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. చేతిలో ఒక కాగితం. గోడ మీంచి పీకి తెచ్చినట్టుంది, వెనక జిగురు ఇంకా తడిగానే ఉంది.

"చదువు," అంది.

మిషన్ల చప్పుడులో చదివాను. వాగు అంచు నుంచి ముప్పై మీటర్ల లోపల ఉన్న కట్టడాలు తొలగించబడతాయి. నివాసులు అరవై రోజుల్లోగా ఖాళీ చేయాలి. అనుమతి పొందిన కట్టడాలకు ఇది వర్తించదు.

అవతలి గట్టు గోదాములన్నిటికీ అనుమతులున్నాయి. ఇవతలి గట్టు మీద అరవై రెండు ఇళ్లు. ఒక్కదానికీ కాగితం లేదు.

"అందరి తలుపులకీ అంటించారు," అంది అక్క. "కొత్త అని రాశానన్నావుగా?"

"రాశానక్కా."

"మరి?"

"అచ్చులో పోయినట్టుంది."

అక్క మొహం తేటపడింది. "హమ్మయ్య. అచ్చుతప్పేనా! ఇంకేం, నువ్వు దిద్దిస్తావుగా. అదేగా నీ పని," అంది. మా ఓనరు ఇచ్చిన టీ నిలబడే తాగి, ఖాతాదారులు ఎదురుచూస్తుంటారని వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 4

మేడమ్ గది ముందు రెండు గంటలు కూర్చున్నాను. లోపలికి పిలిచి ఎప్పటిలా టీ తెప్పించారు.

"ఇది మీరడిగిన ముప్పై మీటర్లేనండీ," అన్నారు. "మీ మాట మేం ఎక్కడా కొట్టేయలేదు."

"కొత్త కట్టడాలని కదా మేడమ్ నేను రాసింది."

ఆవిడ ఫైలు తెప్పించి నా ముందు తెరిచారు. మే 21 మీటింగు మినిట్స్. 'సభ్యులందరూ తుది పాఠాన్ని చదివి అంగీకరించారు.' కింద సంతకాలు. పదమూడోది నాది. చేతిరాత బాగానే ఉంది, వణుకేం లేదు.

"సవరించడానికి మూడేళ్లకోసారి సమీక్ష ఉంటుంది. అప్పుడు తప్పకుండా చూద్దాం," అన్నారు. గొంతు తగ్గించి, "ఆ రోజు మీరు నాతో అన్నారు కూడా. గుర్తుందా?" అన్నారు.

గుర్తుందని తల ఊపాను. టీ తాగాను. ఎందుకు తాగానో.

సెప్టెంబర్ 5

సెలవు పెట్టాను. పొద్దున మా ఆయన, "నువ్వప్పుడు చూడలేదా?" అని మామూలుగానే అడిగాడు. "చూడలేదు," అన్నాను. "పోనీలే, మనిషన్నాక చూపు తప్పుతుంది," అని భుజం తట్టి వెళ్లాడు.

ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇక నాకు చోటే లేదు. రాస్తున్నాను.

చూశాను. మే 21న కాగితం చేతికిచ్చిన నిమిషంలోనే చూశాను. అయిదో పేజీ, కింది నుంచి మూడో వరస. 'కొత్త' లేదు. ముందు నెల దాకా ఉన్నచోట లేదు. ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న దాన్ని, నాకు కనబడకపోవడం ఏమిటి? పెన్ను తీసి ఆ చోట చిన్న గుర్తు కూడా పెట్టాను, చేతి అలవాటు కొద్దీ.

లేచి మేడమ్ పక్కకి వెళ్లి చెవిలో చెప్పాను. లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పలేదు. చెవిలో చెప్పాను. ఆవిడ, "ఈ నిబంధన మళ్లీ తెరిస్తే గోదాముల ఆయన ముప్పై మీద కూడా గొడవ మొదలుపెడతాడు. మీ ఇష్టం. లేదంటే న్యాయ విభాగం చూసుకుంటుంది," అన్నారు. నేను ముప్పై వైపు చూశాను. అది నా ముప్పై. పోతుందేమోనని భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, అంతసేపు అంత మర్యాదగా చూసినవాళ్ల మధ్య నేనొక్కదాన్నే పేచీకోరులా నిలబడాలంటే సిగ్గేసింది.

అంతే. అంతకు మించి ఏమీ లేదు. నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పిప్పరమెంటు బిళ్లలు తప్ప.

జూన్‌లో ముప్పై రోజులున్నాయి. ఆ ముప్పై రోజులూ మాస్టారి నోరు కూడా నేనే మూశాను.

సెప్టెంబర్ 9

అక్కకి చెప్పేశాను.

ఇస్త్రీ చేస్తోంది. ఎవరిదో పెళ్లికూతురి చీర, మీద తడిగుడ్డ పరిచి జాగ్రత్తగా. మొత్తం చెప్పాను, చెవిలో చెప్పిన సంగతితో సహా. చెప్తున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. అయిపోయాక ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"ఒక్క మాటేనా?" అంది.

"ఒక్క మాటే."

"ఆ మాటతో ఒకసారి చదువు."

చదివాను.

"అది లేకుండా చదువు."

చదివాను.

"ఎంత చిన్న మాట," అంది. మళ్లీ పెట్టె అందుకుంది. చీర అంచు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, "నాకు చదువు రాదనేగా నిన్ను పంపింది. నేను పోయుంటే వాళ్లు చదివింది విని, నా ఇల్లు ఉంటుందా పోతుందా అని అరిచి అడిగేదాన్ని. అంతకంటే తెలీదుగా నాకు," అంది.

ఏడ్చాను. "ఇక్కడ ఏడవకు, చీర మీద పడుతుంది," అంది. కోపంగా కూడా అనలేదు.

సెప్టెంబర్ 12

బృందంలో అందరికీ చెప్పాను. ముగ్గురు లేచి వెళ్లిపోయారు. మాస్టారు ఆసుపత్రిలో ఉన్నారు, ఆయనకి ఇంకా తెలియదు.

సెప్టెంబర్ 30

మాస్టారు వచ్చారు. ఆయనకీ మొత్తం చెప్పాను. నల్ల కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ముసాయిదా మడతలు విప్పి, చేతికందినంత దూరంలో పట్టుకుని, ఆ వాక్యం తనే చదివారు. డిక్టేషన్ చెప్తున్నట్టు, ఒక్కో మాట.

"ఇప్పుడు బాగా కనబడుతోందమ్మా," అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబర్ 14

అప్పీలు రాశాను. జరిగింది జరిగినట్టు, నేను చూసి కూడా ఊరుకున్నానన్నది కూడా రాశాను. నాతో కలిపి నలుగురం సంతకాలు పెట్టాం. మాస్టారు పెట్టారు. కలం నా చేతిలోంచి తీసుకోలేదు, తన జేబులోది తీసుకున్నారు.

అక్టోబర్ 29

తిప్పి పంపారు. 'అభ్యంతరాల గడువులో మీ సంస్థ నుంచి ఎటువంటి అభ్యంతరమూ అందలేదు.'

నవంబర్ 3

పొద్దున ఎనిమిదికే యంత్రాలు వచ్చాయి. రెండు.

అక్క ఇస్త్రీ బల్ల గుమ్మంలోంచి రాలేదు. ఆ గదిలోనే చేయించిందట, పాతికేళ్ల కింద. మా ఆయన రంపం తెచ్చి కాళ్లు కోశాడు. అక్క ఆ కోత వింటూ అటు తిరిగి నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, ఖాతాదారులు ఇంకా తీసుకెళ్లని బట్టలు తెచ్చి నా రెండు చేతుల మీదా పేర్చింది. గడ్డం దాకా వచ్చాయి.

"నలగనివ్వకు," అంది.

పక్కింటావిడ గట్టిగా ఏడుస్తోంది. ఎవరో అధికారి మైకులో సహకరించమంటున్నాడు. ఎవరివో ఇస్త్రీ చొక్కాలు మోస్తూ నేను అలా నిలబడే ఉన్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. వంటగది గోడ ముందు పడింది. లోపలి గోడకి కొట్టిన నీలం రంగు వీధిలోకి కనబడింది, అంతే, ఆ వెంటనే అదీ పోయింది.

మధ్యాహ్నానికి పంపు దాకా చదును చేసేశారు. అవతలి గట్టు మీద గోదాము పనివాళ్లు వరసగా నిలబడి చూశారు.

ఇళ్లు పోయినవాళ్లకి ఇచ్చిన ఫ్లాట్లు ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ అక్క ఎవరి బట్టలు ఇస్త్రీ చేస్తుంది? లారీ ఎక్కేముందు చొక్కాలు తీసుకుని ఒక్కోటీ ఎవరిదో నాకు చెప్పింది. ఇళ్లకి నన్నే పట్టుకెళ్లి ఇమ్మంది. అన్నీ ఇచ్చేసరికి చీకటి పడింది. ఒకాయన మాత్రం, "రేపట్నుంచి ఎవరు చేస్తారండీ?" అన్నాడు.

నవంబర్ 4

లేవలేదు.

నవంబర్ 7

మా ఆయన ఫ్రిజ్ మీది పేపరు ముక్క పీకేశాడు. నేనడగలేదు. నేను ఇక్కడ రాసుకున్నదంతా మా ఆయనకీ చెప్పేశాను. "రెడ్ సిగ్నల్ చూసి కూడా పోనిచ్చానని ఎప్పుడన్నా నీకు చెప్పానా? మూడుసార్లు పోనిచ్చాను. ఎవరూ చావలేదు కాబట్టి మంచి డ్రైవర్నయ్యాను," అన్నాడు.

ఓదార్పనుకోవాలో కాదో తెలియలేదు.

నవంబర్ 24

ఉత్తరం వచ్చింది. విధానం అమలు ఎలా జరుగుతోందో చూడడానికి పర్యవేక్షణ కమిటీ వేశారట. పౌర సమాజం తరఫున మళ్లీ నన్నే. 'మీ విలువైన సహకారాన్ని కొనసాగించగలరు.'

చించబోయాను. అంతలో మాస్టారు, అవును, మాస్టారే ఫోన్ చేశారు. ఉత్తరం కాపీ ఆయనకీ అందిందట. "మనం పోకపోతే 'ప్రతినిధి హాజరు కాలేదు' అని రాసుకుంటారు. పోతే 'హాజరయ్యారు' అని రాసుకుంటారు. ఏం చేస్తావో నీ ఇష్టం," అని పెట్టేశారు.

నా బదులు అక్క పేరు రాసి పంపాను.

డిసెంబర్ 8

జవాబు. ప్రతినిధిని మార్చడం కుదరదట. నేను రాకపోతే స్థానం ఖాళీగా ఉంచుతారట.

రెండు బస్సులు మారి అక్క ఫ్లాటుకి వెళ్లాను. మూడో అంతస్తు. కోసిన బల్ల కింద ఇటుకలు పెట్టి నిలబెట్టింది. మీద బట్టలేం లేవు. ఉత్తరం చదివి వినిపించాను. నన్ను బయటికి పొమ్మంటుందనుకున్నాను.

"ఎప్పుడు?" అంది.

"పదకొండున."

"నేనూ వస్తా. లోపలికి రానీకపోతే బయట కూర్చుంటా. నీకిచ్చిన కాగితాలు మాత్రం నోట్లో నోట్లో చదువుకోకు. నాకు వినబడేలా చదువు."

"అలా చదివితే నవ్వుతారక్కా."

"నవ్వనీ," అంది. "నువ్వంటే నమ్మకం కుదిరి అంటున్నాననుకోకు పిల్లా. చదవడం వచ్చినవాళ్లు మాకింకెవరూ లేరు."

డిసెంబర్ 11

అక్కని లోపలికి రానివ్వలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎప్పటి కుర్చీయే, ఎప్పటి పలకే. గోదాముల ఆయన డబ్బా తోశాడు. వద్దన్నాను.

కాగితాలు పంచారు. పదకొండు పేజీలు. మేడమ్ అందరినీ ఒకసారి చూసుకోమన్నారు. నేను లేచి నిలబడి మొదటి వాక్యం నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. ఎవరో నవ్వారు. మేడమ్ మెత్తగా, "అందరి దగ్గరా కాపీలున్నాయండీ," అన్నారు.

"బయట ఒకరి దగ్గర లేదు మేడమ్," అని చదువుతూనే ఉన్నాను. 'వాగు ఇవతలి గట్టు పునరుద్ధరణ విజయవంతంగా పూర్తయింది' అన్న దగ్గర ఆగిపోయాను. నీళ్లు తాగి మళ్లీ చదివాను.

రెండో పేజీ చివర మేడమ్ అటెండర్ వైపు చూశారు. అతను వెళ్లి తలుపు మూశాడు. ఇంకా గట్టిగా చదివాను. గోదాముల ఆయన సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. మిగతావాళ్లు పేజీలు ముందుకు తిప్పేసుకున్నారు. నాలుగో పేజీలో ఉండగా సమయం లేదని నన్ను కూర్చోబెట్టి సంతకాల కాగితం తిప్పారు. నేను సంతకం పెట్టలేదు. నా ముందు నుంచి కాగితం తీసి పక్కవాళ్లకిచ్చారు, అంతే. పన్నెండు సంతకాలతో పని అయిపోయింది.

బయటికి వస్తే అక్క బెంచీ మీద అలాగే ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"రెండో పేజీ దాకా వినబడింది," అంది. "తర్వాత తలుపేశారు."

పక్కన కూర్చున్నాను. అటూ ఇటూ ఫైళ్లతో జనం పోతున్నారు. మూడో పేజీ నుంచి మొదలుపెట్టాను. అక్క మధ్యలో ఒక్కసారే ఆపింది.

"మా అరవై రెండు ఇళ్ల మాట ఎక్కడొస్తుంది?"

మిగిలిన పేజీలన్నీ చూశాను. వెనక్కి వచ్చి మళ్లీ చూశాను.

"ఎక్కడా రాదక్కా."



"సరే, చదువు," అంది.